పాలీ తవ్విన ఐదు గుంతలు

మంచుకొండల నడుమ ఉన్న స్లోకాన్ లోయలో పాలీ మకోర్టాఫ్ గురించి మంచిమాట ఒకటి చెప్పమంటే జనం కాస్త ఆలోచిస్తారు. నవ్వొచ్చే సంగతి చెప్పమంటే మాత్రం ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొస్తారు. ఆ తోపులాటలో అందరికంటే ముందు నిలబడేది పాలీయే. తన మీద తాను వేసుకోవలసిన జోకు ఇంకొకరు వేస్తే ఆవిడకు ఇంట్లో దొంగలు పడ్డట్టు ఉంటుంది.

“నలభై ఏడో ఏట స్కీ మొదలెట్టాను. మొదటిరోజు కొండ ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి మూడు గంటలు పట్టింది” అని ఎవరు దొరికినా చెబుతుంది. అది అబద్ధం కాదు. ఆ కొండలకు మనుషుల్ని పైకి మోసే తీగలూ కుర్చీలూ లేవు. ఎవరి కాళ్ళతో వాళ్ళే ఎక్కాలి. స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకుంటే అవి మంచును పట్టుకుని వెనక్కి జారనివ్వవు. పైకి చేరాక వాటిని పీకి, మడిచి, కోటులో దోపుకుని అప్పుడు దిగాలి. ఈ ముక్క పాలీకి ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. పట్టీలతో సహా బయల్దేరింది. మిగిలినవాళ్ళంతా కేకలు పెడుతూ దూసుకుపోతుంటే, తాను నిచ్చెన దిగుతున్నదానిలా ఒక్కో అడుగే వేసుకుంటూ, ‘ఓహో, వీళ్ళు ఇన్నాళ్ళూ చెప్పిన గొప్ప ఆనందం ఇదేనన్నమాట’ అనుకుంటూ వచ్చింది. కింద లోర్న్ హాల్వర్సన్ అనే పొడుగాటి వడ్రంగి ఆవిడ స్కీలు తిరగేసి చూశాడు. ఆమె ఎదురుగా నవ్వడం మర్యాద కాదని చెట్టు చాటుకు వెళ్ళి నవ్వుకుని వచ్చాడు. “వచ్చే గురువారం కూడా రామ్మా. ఈసారి అవి తీసేసి దిగుదువుగాని” అన్నాడు.

వెళ్ళింది. తీసేసి దిగింది. మోకాలి లోతు కొత్త మంచులో మొదటి మూడు మలుపులు ఎలా తిరిగిందో ఆవిడకే తెలియదు. నాలుగో మలుపు ఒక చెట్టు తిప్పింది. టోపీ ఒకచోట, కళ్ళద్దాలు ఒకచోట, నోటినిండా మంచుతో తల పైకెత్తి, “ఇంకోసారి పోదామా?” అని అడిగింది. ఆ రోజు మొదలు ఇరవై ఒక్క చలికాలాలు గడిచాయి. గురువారాలు మాత్రం ఆవిడ ఇంకెవరికీ ఇవ్వలేదు.

పాలీ ముప్ఫై ఒక్కేళ్ళు ఆ ఊరి పోస్టాఫీసు నడిపింది. పొట్టి మనిషి, గుండ్రటి మనిషి, గొంతు మాత్రం కొండ అవతలికి వినిపించే మనిషి. భర్త ఫ్రెడ్ కర్రల మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అతను స్కీ జోలికి పోడు. “వాకిట్లో మంచు పారతో ఎత్తిపోయడానికే నడుం పడిపోతోంది. మళ్ళీ దాని మీద ఊరేగింపు కూడానా?” అంటాడు. కాని ప్రతి బుధవారం సాయంత్రం పాలీ సంచిలో పెట్టడానికి పిరాహీలు చేస్తాడు. బంగాళాదుంప, క్యాబేజీ కూరిన ఆ చిన్న చిన్న రొట్టెల కోసమే సగం జట్టు పాలీని భరిస్తోందని లోయలో ఒక వాడుక. ఆ వాడుక పుట్టించింది కూడా పాలీయే.

గురువారం జట్టులో పదకొండుమంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల నుంచి ఎనభై దాటిన లోర్న్ దాకా ఉన్నారు. అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఉన్నదల్లా ఒక్క రివాజు. కొత్త మంచులో దారి తొక్కేటప్పుడు ముందున్నవాళ్ళు వంద అడుగులు వేసి పక్కకు తప్పుకోవాలి, వెనకున్నవాళ్ళు ముందుకు రావాలి. కుర్రవాళ్ళకూ వందే, ముసలివాళ్ళకూ వందే. నీ వంద గంటసేపు వేసినా ఎవరూ ఏమీ అనరు, వెయ్యకపోతే అంటారు. పాలీ ఆ వందనూ పోస్టాఫీసు పెట్టెల లెక్కన వేస్తుంది. ఒకటి కినకిన్ వాళ్ళు, రెండు స్టూష్నాఫ్ వాళ్ళు, మూడు కోళ్ళఫారం డచ్చాయన, ఇలా సాగుతుంది. అరవై రెండు లోర్న్. వంద వచ్చేసరికి ఊళ్ళో సగం గడపలు తొక్కి వచ్చినట్టు ఉంటుంది ఆవిడకు.

ఇంత సుఖంగా సాగుతున్న జట్టుకు ఒక రూలు కావాలని పద్నాలుగేళ్ళ కింద ఎవరికి తోచింది? ఇంకెవరికి, పాలీకే. కందకు లేని దురద కత్తిపీటకు ఉంటుందిగా. పక్క లోయలో మంచు చరియ జారి ఒకాయన దాని కింద పడ్డాడు. బతికి బయటపడ్డాడు గాని, ఆ కబురు విన్న పాలీకి వారం రోజులు నిద్ర లేదు. మంచు కింద పడ్డవాళ్ళ జాడ చెప్పే చిన్న పెట్టె ఒకటుంటుంది, బీకన్ అంటారు. అందరూ ఛాతీకి కట్టుకునే ఎక్కుతారు. నడుస్తున్నంతసేపూ అది కూత పెడుతుంటుంది. ఎవరైనా పూడుకుపోతే మిగిలినవాళ్ళు తమవాటిని వెతికే వైపుకు తిప్పి ఆ కూతను పట్టుకుంటారు. ‘కట్టుకుంటే సరిపోయిందా, వెతకడం రావద్దూ?’ అని పాలీ ఒక పోస్టాఫీసు ఫారం వెనక రూలు రాసింది. డిసెంబరు మొదటి గురువారం ప్రతివాళ్ళూ వీపున సంచితో సహా, మంచులో పాతిన బీకన్‌ని నాలుగు నిమిషాల్లో తవ్వి తీయాలి. తప్పితే మరుసటి గురువారం ఇంకో అవకాశం. అప్పుడూ తప్పితే మార్చిలో పైనున్న గనివాళ్ళ గుడిసెకు, వారం రోజుల యాత్రకు, ఆ మనిషి రావడానికి లేదు.

ఆ గుడిసె వారమే జట్టుకు పండగ. వెండి గనులు మూతపడ్డాక మిగిలిన ఒక గది, ఒక పొయ్యి, పడుకోవడానికి పన్నెండు బల్లలు. ఏడాదంతా జనం దాని కోసమే మోకాళ్ళు కాపాడుకుంటారు.

రూలు పెట్టిన ఏడే దానికి దొరికిపోయింది లోర్న్. అప్పుడు అతనికి అరవై ఎనిమిది. అతనిది పాతకాలపు బీకన్. అంకెలూ బాణాలూ చూపించదు, టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం చేస్తుంది. దగ్గరికి పోతే గట్టిగా, దూరం పోతే నెమ్మదిగా. లోర్న్ మొదటివారం తొమ్మిది నిమిషాలు తీసుకున్నాడు, రెండోవారం ఎనిమిది. మెడలో వాచీ వేసుకుని నిలబడ్డ పాలీ, “లోర్న్, ఈ ఏడాదికి వద్దులే” అంది. అతను తల ఊపాడు. “సరే. నువ్వు వాచీ చూసుకోక్కర్లేదు, ఇటివ్వు. రేపట్నుంచి పాతిపెట్టే పని నాది” అన్నాడు. ‘ఈ ఏడాదికి’ అన్న ఆ మాట పద్నాలుగేళ్ళు నడిచింది. లోర్న్ గురువారాలు మానలేదు. కింద చదును దారిలో కాస్త తిరిగి, రోడ్డుపనివాళ్ళ పాత షెడ్డులో పొయ్యి రాజేసి, అందరూ దిగొచ్చేసరికి సూప్ కాచి ఉంచేవాడు. డిసెంబరులో బీకన్ పాతేవాడు. మార్చిలో గుడిసెకు వెళ్ళేవాళ్ళకు చెయ్యి ఊపేవాడు. పాలీకి ఇప్పుడు సరిగ్గా అరవై ఎనిమిది.

ఆ గురువారం మంచు కురిసి వెలిసింది. షెడ్డు పక్కనున్న పాత ఆటస్థలంలో లోర్న్ ఒక రేకు డబ్బాలో బీకనూ, దానితో పాటు ఒక పిరాహీ పెట్టి పాతాడు. కనుక్కున్నవాళ్ళే ఆ పిరాహీ తినాలి, అదీ రివాజే. ఒక్కొక్కరి వంతు అయ్యాక అతను డబ్బాను ఇంకోచోటికి మారుస్తాడు. వెతికేవాళ్ళు తప్ప మిగతా అందరూ తమ బీకన్లు ఆపేసి దూరంగా నిలబడతారు. ఆసుపత్రి నర్సు మారిన్, ఇరవై ఆరేళ్ళ పిల్ల, రెండు నిమిషాల్లో తీసేసింది. తరువాత గోర్డీ. అరవై ఏళ్ళ గోర్డీ మొదట షెడ్డు వైపు పది అడుగులు వేసి, మళ్ళీ తల గోక్కుని ఇటు తిరిగాడు.

“ఏరా, సూప్ వాసన పట్టావా? అది కూత పెట్టదురా, ఉడుకుద్ది అంతే!” అని పాలీ షెడ్డు గుమ్మంలోంచి అరిచింది. అందరూ నవ్వారు. గోర్డీ మూడున్నర నిమిషాల్లో తేలాడు.

పాలీ షెడ్డులో మేకుకు తగిలించిన తన సంచి తీసి వీపుకు వేసుకుంది. అంత సంచి జట్టులో ఎవరికీ లేదు. ఎవరైనా గ్లవుజులు మరిచిపోతే, సాక్సులు తడిస్తే, దవడ నొప్పి వస్తే, అన్నింటికీ అందులో మందుంటుంది.

“కానీ!” అని లోర్న్ వాచీ నొక్కాడు.

బీకన్ తెర మీద వెంటనే అంకె వెలిగింది. సున్నా పాయింట్ ఏడు. అంటే మీటరు కూడా లేదు. పాలీ మొహం వెలిగిపోయింది. “చూడండర్రా! అడుగు కదలకుండా దొరికింది!” అని మోకాళ్ళ మీద కూలబడి పార తీసి తవ్వింది. నేల తగిలింది, డబ్బా తగల్లేదు. నాలుగు అడుగులు పక్కకు జరిగింది. సున్నా పాయింట్ ఆరు. ఇంకా దగ్గర! మళ్ళీ తవ్వింది. గడ్డి వచ్చింది. బాణం మాత్రం మతిపోయిన ఈగలా గుండ్రంగా తిరుగుతోంది. ఇంకో ఐదడుగులు. సున్నా పాయింట్ ఏడు. మూడో గుంత, నాలుగో గుంత.

“పాలీ, ఫోన్ జేబులో ఉందా? ఫోనుంటే పిచ్చి పిచ్చిగా చూపిస్తది” అని గోర్డీ అరిచాడు.

“కార్లో ఉంది! నువ్వు నోరు ముయ్యి, నా పెట్టెకి నీ మాటలడ్డం!”

ఐదో గుంతలో ఎవరో ఎప్పుడో పారేసుకున్న బేస్‌బాల్ దొరికింది. లోర్న్ వాచీ ఆపాడు. పదకొండు నిమిషాలు. ఆటస్థలం నిండా పందికొక్కులు తిరిగినట్టుంది. డబ్బా ఉన్నచోట ఒక్క గీత కూడా పడలేదు.

మామూలుగా అయితే ఇలాంటి ఘట్టంలో మొదటి జోకు పాలీదే. అందరూ దానికోసమే చూస్తున్నారు. ఆవిడ మాత్రం బేస్‌బాల్‌ను తిరిగి గుంతలో పడేసి మంచు కప్పింది. మారిన్ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. “పాలీ, ఈమధ్య నిద్ర సరిగా పడుతోందా మీకు? పేర్లవీ మర్చిపోవడం ఏమైనా ఉందా?” అని మెల్లిగా అడిగింది. గోర్డీ వెక్కిరించి ఉంటే పాలీ తట్టుకునేది. ఈ నర్సు గొంతు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

రూలు ప్రకారం పరీక్ష తప్పినవాళ్ళు ఆ రోజు పైకి పోకూడదు. ఆ వాక్యం కూడా పాలీ రాసిందే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. పాలీ ఐదు తీసింది. మిగిలినవాళ్ళు ఫర్ చెట్ల మధ్య నుంచి ఎక్కిపోతుంటే, ఆవిడ తన బీకన్ ఆపేసి, షెడ్డులో లోర్న్ ఎదురుగా బల్ల మీద కూర్చుని సూప్ తాగింది. లోర్న్ తన పాత బీకన్ బయటికి తీసి, ఏదో సరిచేస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తరువాత దాన్ని జేబులో పడేసి సూప్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

“ఆ సంచి మరీ బరువుగా లేదూ, పోస్టుమాస్టరమ్మా? ఓసారి అంతా కింద కుమ్మరించి సర్దుకోకూడదూ?” అన్నాడు కాసేపటికి.

“నా సంచి జోలికి రాకు. ఉన్న తలనొప్పి చాలు.”

“సర్లే” అని లోర్న్ ఇంకో గరిటె సూప్ వేశాడు.

పాలీకి ఆ క్షణంలో ఒక్క సంగతే బుర్రలో తిరుగుతోంది. వాళ్ళమ్మ సరిగ్గా ఈ వయసులోనే మొదట పక్కింటివాళ్ళ పేర్లు మరిచిపోయింది, తరువాత పిల్లల పేర్లు. గుడిసె పోతే పోయిందని సరిపెట్టుకోవచ్చు. గుడిసెతో పాటు తల కూడా పోతుంటే? పాలీకి భయం వేసింది. ఆ మాట జోకుగా మార్చడం చేతకాలేదు, దానికి ఇంకా భయం వేసింది.

ఆ వారమంతా ఫ్రెడ్‌కి తల ప్రాణం తోకకు వచ్చింది. తెల్లారగానే పెరట్లో డబ్బా పాతడం, పాలీ వెతకడం. మొదటిసారి రెండు నిమిషాలు. రెండోసారి నిమిషన్నర. శుక్రవారం నుంచి మంగళవారం దాకా పద్నాలుగుసార్లు పాతితే పద్నాలుగుసార్లూ దొరికింది. ఇంటి పెరట్లో సంచి ఎందుకని అది గ్యారేజీలో మేకుకే ఉంది. పాలీకి సంతోషం వేయలేదు. “ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే నేనే. నలుగురు చూస్తే బుర్ర గడ్డకడుతోంది” అంది.

బుధవారం మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చుని, తన తల ఎంతవరకు ఉందో చూసుకుందామని, పోస్టాఫీసు పెట్టెలు వరసగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఎంత గింజుకున్నా రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఫ్రెడ్! నలభై ఒకటి ఎవరిది? నాకు గుర్తు రావట్లా!”

పిండి పిసుకుతున్న ఫ్రెడ్ వెనక్కి తిరిగి చూశాడు. “మనదేనే.”

పాలీ ముక్కు చీదింది. “మనది మనకెప్పుడూ గుర్తుండదులే, ఎవరూ ఉత్తరాలు రాయరుగా” అంది. ఫ్రెడ్ నవ్వాడు. ఆవిడా నవ్వింది గాని, ఆ నవ్వు గొంతు దాటి లోపలికి పోలేదు.

రెండో గురువారం జట్టంతా మామూలుకంటే ముందే వచ్చింది. ఎవరూ పాలీ మొహంలోకి సూటిగా చూడటం లేదు. మారిన్ అయితే ఆవిడ స్కీలు తానే కారులోంచి దించింది. ఇరవై ఒక్కేళ్ళలో ఎవరూ పాలీ స్కీలు దించలేదు. లోర్న్ డబ్బా పాతి వచ్చాడు. పాలీ సంచి వీపుకు వేసుకుని, బయల్దేరే గీత దగ్గర నిలబడి, బీకన్‌ని వెతికే వైపుకు తిప్పింది. సున్నా పాయింట్ ఏడు. ఆవిడ మొహం పాలిపోయింది.

“ఆగు. సంచి తీసి అక్కడ పెట్టు” అన్నాడు లోర్న్.

“సంచితోనే వెతకాలి. రూల్లో ఉంది.”

“ఉంది. ఎవరు రాశారో కూడా గుర్తుంది నాకు. పెట్టు తల్లీ.”

పాలీ పెట్టింది. లోర్న్ ఆవిడ చేతిలోని బీకన్ మీట నొక్కి ఆపేశాడు. తరువాత తన పాత పెట్టెను సంచి పైజేబు దగ్గరకు తీసుకెళ్ళాడు. టిక్కు, టిక్కు, టిక్కు అని అది షెడ్డు గోడ దాకా వినిపించేటట్టు మోగింది. మారిన్ వంగి ఆ పైజేబు జిప్పు లాగింది. రెండు జతల సాక్సుల కింద, ఒక దవడనొప్పి మందు సీసా పక్కన, పాలీ పాత బీకన్ ఎర్ర దీపం ఆర్పుతూ వెలిగిస్తూ హాయిగా కూత పెడుతోంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా పాలీకే అయింది. నవంబరు చివర్లో ఎవరైనా బీకన్ మరిచిపోయి వస్తే పనికొస్తుందని ఆ పాతదానికి కొత్త బ్యాటరీలు వేసింది. పనిచేస్తోందా అని ఆన్ చేసి చూసింది. భేషుగ్గా పనిచేస్తోందని మురిసిపోయి, అలాగే సంచిలో పెట్టేసింది. ఆవిడ పదకొండు నిమిషాలు ఆటస్థలమంతా తిరిగి వెతికింది తన వీపును.

“చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానర్రా!” అంటూ పాలీ మంచులో చతికిలబడింది. కడుపు పట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే, వారం రోజుల భయమంతా పోయేదాకా నవ్వింది.

“అందుకే నేను షెడ్డు వైపు పోయా! అది ఆకలి కాదు, నీ సంచే! వారం నుంచి సూప్‌గాడు సూప్‌గాడని చంపారు నన్ను!” అని గోర్డీ గంతులు వేశాడు.

నవ్వులు కాస్త సద్దుమణిగాక పాలీ కళ్ళు తుడుచుకుని పైకి చూసింది. “నీకెట్లా తెలిసింది లోర్న్?”

“వినపడింది.”

“ఇప్పుడా?”

“పోయిన గురువారం. సూప్ తాగేటప్పుడు.”

పాలీ లేచి నిలబడింది. “వారం! వారం రోజుల నుంచి తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? నేనక్కడ మతిపోయిందని ఏడుస్తుంటే? నువ్వు మనిషివా, మానువా?”

“సంచి సర్దుకోమన్నాగా. జోలికి రావద్దన్నావు.” లోర్న్ నవ్వుతూనే అన్నాడు. “అయినా నీది వారమేగా పోస్టుమాస్టరమ్మా. నేను పద్నాలుగేళ్ళు కూర్చున్నా.”

అతను అన్నది సరదాగానే. కాని ఎవరూ నవ్వలేదు. గోర్డీ తన స్కీ కర్రలు చూసుకున్నాడు.

“ఆ ఏడు నాకు చెవుల్లో సగం చప్పుడు పడేది కాదు. పెట్టె టిక్కుమంటుందో లేదో తెలిసేది కాదు. మరుసటేడు చెవికి మిషన్ పెట్టించుకున్నా. అప్పట్నుంచి మంచు కింద ఎలక తుమ్మినా వినపడుద్ది” అన్నాడు లోర్న్.

“మరి అడగలేదేం? ప్రతి ఏడూ ఎవరైనా మళ్ళీ పరీక్షకు రావచ్చుగా!”

“నువ్వు ఈ ఏడాదికి వద్దన్నావు. ఏడాది తిరిగాక నువ్వే అడుగుతావనుకున్నా.” అతను భుజాలు ఎగరేశాడు. “తర్వాత సూప్ అలవాటైపోయింది.”

పాలీ లెక్క వేసుకుంది. పద్నాలుగేళ్ళు ప్రతి డిసెంబరులో ఆ మనిషి చేత డబ్బా పాతించింది. ప్రతి మార్చిలో అతనికి చెయ్యి ఊపి వెళ్ళింది. అతనికి రావాలని ఉందేమో అని ఒక్కసారీ తోచలేదు. పట్టీలు ఊడదీయడం నేర్పినవాడు అతనే. తన వారం రోజుల ఏడుపును పద్నాలుగేళ్ళతో హెచ్చవేసి చూసుకుంటే ఆవిడకు సిగ్గుతో చెవులు కాలాయి.

“తప్పయింది లోర్న్” అంది. ఆ రెండు మాటలూ ఆవిడ గొంతులో లోయలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

“సర్లే. ముందు నీ పరీక్ష కానీ. పిరాహీ గడ్డకడుతోంది.”

పాత బీకన్ ఆపేసి, సంచి మళ్ళీ వీపుకు వేసుకుని, పాలీ రెండు నిమిషాల పది సెకన్లలో తవ్వి తీసింది. పిరాహీని మాత్రం నోట్లో పెట్టుకోలేదు. డబ్బా మూత మళ్ళీ బిగించి, లోర్న్ మెడలోంచి వాచీ తీసి తన మెడలో వేసుకుంది. “అందరూ గోడ వైపు తిరగండి. నువ్వూ తిరుగు. ఇది నేను పాతుతా” అంది.

లోర్న్ గోడ వైపు తిరిగాడు. అతను చెవి మిషన్ రెండుసార్లు సరిచేసుకోవడం మారిన్ చూసింది. చూసి కూడా ఈసారి నర్సు ప్రశ్నలు వేయలేదు.

“కానీ!” అంది పాలీ.

ఎనభై రెండేళ్ళ మనిషి పరిగెత్తలేదు. పాత పెట్టెను చెవి దగ్గర పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, గుడ్డు పెట్టిన కోడి ఎక్కడ కూస్తోందో వినేవాడిలా నాలుగు అడుగులు వేసి ఆగాడు. ఎడమకు తిరిగాడు. మళ్ళీ ఆగాడు. టిక్కు చప్పుడు చిక్కబడింది. వంగి పెట్టెను మంచు మీద అటూ ఇటూ జరిపి, ఒకచోట ఆపి, పార గుచ్చాడు. రేకు మోగింది. జట్టంతా ఒక్కసారిగా అరిచిన అరుపుకు ఫర్ చెట్ల మీది మంచు రాలింది.

“ఎంత? ఎంత పట్టింది?” అని గోర్డీ పరిగెత్తుకొచ్చాడు.

పాలీ వాచీ చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూసింది. “సున్నా” అంది.

“అదేంటి?”

“నొక్కడం మర్చిపోయా. అతన్నే చూస్తూ ఉండిపోయా.”

లోర్న్ పిరాహీ కొరకబోతూ ఆగాడు. “సున్నా అంటే నాలుగు కంటే తక్కువేగా. ఈ కొండల్లో ఇంకెవరికీ రాదు ఆ లెక్క.”

“కుదర్దు” అంది పాలీ ఏడుపుమొహం పెట్టి. “పైన నేను పూడుకుపోతే నన్ను వెతకాల్సింది నువ్వే. రూలు రూలే. డబ్బా ఇటివ్వు, ఇంకోసారి వెతుకు.”

రూలు పెట్టినదానికి వాచీ నొక్కడం రాదు గాని, ఎనభై రెండేళ్ళవాడి చేత రెండుసార్లు పరీక్ష రాయిస్తోందని గోర్డీ ఆ చలికాలమంతా చెప్పుకు తిరిగాడు. ఆ కథ మొదట ఊళ్ళో చెప్పింది పాలీయే అనుకోండి, అది వేరే సంగతి. రెండోసారి లోర్న్‌కు రెండు నిమిషాల యాభై సెకన్లు పట్టింది. వాచీని ఈసారి మారిన్ నొక్కింది.

ఆ మధ్యాహ్నం పొయ్యి మీద సూప్ పెట్టేవాళ్ళు లేరు. పదకొండుమందీ ఎక్కారు. మరీ పైకి పోలేదు, లార్చ్ చెట్లు పలచబడే మొదటి మిట్ట దాకా. అక్కడ అందరూ పట్టీలు పీకి మడుచుకుంటుంటే లోర్న్ పాలీ స్కీల అడుగుకేసి వంగి చూశాడు. “తీసేశావుగా?” అన్నాడు. ఇరవై ఒక్కేళ్ళ కిందటి ఆ జోకుకు పాలీ మొదటిసారి విన్నదానిలా నవ్వింది. లోర్న్ ముందు దిగాడు. నెమ్మదిగా, నిటారుగా, పాతకాలపు వాలు మలుపులు వేస్తూ. అతని వెనక మంచు లేచి మళ్ళీ సర్దుకుంటోంది. సగం కొండ దిగేసరికి అతను పాడటం వినిపించింది. ఏ పాటో, ఏ భాషో ఎవరికీ తెలియలేదు. అతని వెనకే దిగిన పాలీ మూడు మలుపులు బాగా తిరిగింది, నాలుగోది పొట్ట మీద తిరిగింది. నోటినిండా మంచుతో లేచింది. ఆవిడకు అంత ఆనందం చాలా ఏళ్ళుగా లేదు.

మార్చి రెండో సోమవారం పొద్దున షెడ్డు దగ్గర పన్నెండు బల్లల గుడిసెకు పదకొండుమంది సంచులు కట్టారు. మామూలుగా నాలుగు గంటల ఎక్కుడు. ఈసారి ఎనిమిది పట్టినా సరేనని అందరూ పొద్దున్నే వచ్చారు. బయల్దేరే ముందు ఎవరి బీకన్ కూత పెడుతోందో చూసే పని లోర్న్‌దే అయింది. ఒక్కొక్కరి ఛాతీ దగ్గర పెట్టె పెట్టి, విని, తల ఊపి పంపిస్తున్నాడు. పాలీ దగ్గరకొచ్చేసరికి ఛాతీ దగ్గర విన్నాడు. తరువాత వెనక్కి తిరగమని, ఆవిడ బీకన్ ఆపించి, వీపు సంచి మీద, పైజేబు మీద, పక్కజేబుల మీద తాపీగా పెట్టె తిప్పాడు.

“ఒకటే ఉంది. పదండి” అన్నాడు. పదిమందీ చప్పట్లు కొట్టారు. పాలీ వంగి దణ్ణం పెట్టి, బీకన్ మళ్ళీ ఆన్ చేసి అందరికీ చూపించింది.

ముందురోజు కురిసిన మంచు పిక్కల దాకా ఉంది. మొదటి వంతు పాలీదే. ఒకటి కినకిన్ వాళ్ళు, రెండు స్టూష్నాఫ్ వాళ్ళు అనుకుంటూ, రొప్పుతూ, దారి తొక్కుకుంటూ వెళ్ళింది. నలభై ఒకటి మనది. అరవై రెండు లోర్న్. వంద రాగానే రివాజు ప్రకారం దారి పక్కకు జరిగి, లోతు మంచులో మోకాళ్ళ దాకా దిగబడి నిలబడింది.

“నీ వంతు” అంది.

లోర్న్ ఆవిడను దాటి ముందుకు వెళ్ళాడు.